చేతికుట్టు బొంతకు ఏ బ్యాటింగ్, ఏ సూది తీసుకోవాలి?

నీలిఅంచు:

అందరికీ నమస్కారం. ముదురు నీలం, తెలుపు ముక్కలు కలిపి మంచానికి సరిపోయే పెద్ద బొంత పైభాగం కుట్టి సిద్ధం చేశాను. పై గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ అనే మెత్తటి పొర, కింద అస్తరు, ఈ మూడు పొరలూ కలిపే కుట్టు మిషను మీద కాకుండా పూర్తిగా చేత్తోనే వేయాలని నా కోరిక. అసలు పని మొదలుపెట్టే ముందు ఒక చిన్న నమూనా పేర్చి చూస్తున్నాను. సూది పై గుడ్డలో సులువుగానే దిగుతోంది, మధ్య పొరలోకి వెళ్లగానే ఆగిపోతోంది. బలంగా తోస్తే కింద అస్తరు దగ్గర మళ్లీ అడ్డు తగులుతోంది. ఒకేసారి మూడు నాలుగు కుట్లు సూది మీదకు ఎక్కించడం అసలు కుదరడం లేదు. కాసేపటికే బొటనవేలి మొదలు నొప్పి పుడుతోంది.

నమూనాలో వాడినవి ఇవి. లోపల నూరు శాతం పత్తి బ్యాటింగ్, బాగా ఒత్తుగా, పట్టుకుంటే గట్టిగా ఉంది. అస్తరుకు మంచం దుప్పటి గుడ్డ. సూది మామూలుగా బట్టలు కుట్టుకునే పొడవాటిది.

బ్యాటింగ్ మార్చాలా, సూది మార్చాలా, రెండూనా? చేత్తో కుట్టే అలవాటు ఉన్నవారు చెప్పగలరా?


పడుగుపేక:

నీలిఅంచు గారూ, ముందుగా ఒక మాట. మీ చేతిలో లోపమేమీ లేదు. మీరు పేర్చిన మూడు పొరల్లో రెండు చేతి సూదికి అనువైనవి కావు. సూది మార్చడం అవసరమే, కానీ ఆ రెండు పొరలనూ అలాగే ఉంచి సూది ఒక్కటే మారిస్తే మీకు కలిగే ఉపశమనం తక్కువ.

మీరే పరీక్షించి చూడండి. దారం ఎక్కించకుండా సూదిని పై గుడ్డ ఒక్కదానిలో గుచ్చండి, తర్వాత బ్యాటింగ్ ఒక్కదానిలో, ఆ తర్వాత అస్తరు ఒక్కదానిలో. ఎక్కడ టప్పుమని చిన్న చప్పుడు వస్తుందో, ఎక్కడ వేలు నొక్కాల్సి వస్తుందో అక్కడే అడ్డు ఉన్నట్టు. మీ విషయంలో దుప్పటి గుడ్డ దగ్గర ఆ చప్పుడు వస్తుందని నా నమ్మకం. దుప్పట్ల గుడ్డలో అంగుళానికి పడుగు, పేక కలిపి 200 పోగులు దాటడం మామూలే. బొంతల కోసం నేసే సాదా నూలు గుడ్డలో పడుగు 60 నుంచి 68, పేక కూడా దాదాపు అంతే ఉంటాయి. వదులు నేతలో సూది మొన పోగుల మధ్య సందు వెతుక్కుని జారిపోతుంది. దట్టమైన నేతలో ఆ సందు ఉండదు కాబట్టి ప్రతి కుట్టుకూ పోగును చీల్చుకుని వెళ్లాలి. బాతిక్ గుడ్డలతోనూ ఇదే ఇబ్బంది. మైనపు అచ్చు స్పష్టంగా పడాలని వాటికి దట్టమైన నేత గుడ్డనే వాడతారు.

ఇక బ్యాటింగ్. మీరు వర్ణించినదాన్ని బట్టి అది నీడిల్ పంచ్ రకం. ముళ్ల సూదులున్న యంత్రం కింద పత్తి పొరను పదేపదే గుచ్చి, పీచును ఒకదానితో ఒకటి పెనవేస్తారు. చాలా రకాల్లో దీనికి తోడు స్క్రిమ్ అనే సన్నని వలలాంటి పొరను కూడా లోపల పెడతారు. అది సింథటిక్ పీచుతో చేసినది, బ్యాటింగ్ సాగకుండా, విడిపోకుండా పట్టుకుంటుంది. మిషను కుట్టుకు అది వరం. చేతి సూదికి మాత్రం మరో గుడ్డ పొర అడ్డుపెట్టినట్టే.

కొనే ముందు ప్యాకెట్ మీద ఒక అంకె చూడండి. కుట్టు వరుసల మధ్య ఎంత ఎడం ఉండవచ్చో రాస్తారు. ఉదాహరణకు వార్మ్ అండ్ నేచురల్ రకానికి స్క్రిమ్ ఉంది, 10 అంగుళాల ఎడం వరకూ ఫరవాలేదంటారు. పత్తిలో అంత ఎడం ఇవ్వగలుగుతున్నారంటే పీచును ఎంత గట్టిగా బిగించారో ఊహించండి. 2 నుంచి 4 అంగుళాలు అని ఉన్నవి సాధారణంగా చేతికి మెత్తగా ఉంటాయి. ఎడం అంకె పెరిగేకొద్దీ సూదికి కష్టం పెరుగుతుందని స్థూలంగా అనుకోవచ్చు.


పత్తిగింజ:

పడుగుపేక గారు చెప్పిన ఎడం లెక్కకు మినహాయింపులు ఉన్నాయని కొత్తవారికి చెప్పడం అవసరం. క్విల్టర్స్ డ్రీమ్ వారి పత్తి బ్యాటింగ్‌కు 8 అంగుళాల ఎడం ఇస్తారు, అయినా అందులో స్క్రిమ్ లేదు. దానిలో అన్నిటికన్నా పలుచని మందాన్ని రిక్వెస్ట్ అంటారు. నేను చేత్తో కుట్టేది ఎక్కువగా దానిమీదే. పత్తి అంటేనే గట్టిగా ఉంటుందన్న అభిప్రాయం కలగనివ్వవద్దు. స్క్రిమ్ లేని, పలుచని పత్తి బ్యాటింగ్ చేతికి బాగానే వంగుతుంది.


వానతుంపర:

నా ఓటు ఉన్నికే. సూది నడక తేలికగా ఉండాలన్నదే మొదటి కోరిక అయితే ఉన్ని బ్యాటింగ్‌కు సాటి వచ్చేది మరొకటి లేదు.

ఉన్ని పీచుకు సహజంగానే వంపులుంటాయి. ఆ వంపుల వల్ల పీచు పోగుల మధ్య గాలి నిలుస్తుంది. సూది వచ్చినప్పుడు పీచు పక్కకు తప్పుకుంటుంది, దాటగానే మళ్లీ పొంగుతుంది. అందువల్లే కుట్టిన గీత లోతుగా పడి, గీతల మధ్య భాగం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. తెల్లటి సాదా గుడ్డ మీద పూల డిజైను వేసేవారు ఈ ఉబ్బు కోసమే ఉన్నిని ఎంచుకుంటారు. మడతపెట్టి ఉంచినా గాడి అంత తేలిగ్గా పడదు. బరువు తక్కువ, వెచ్చదనం ఎక్కువ.

చిక్కులూ ఉన్నాయి. చిమ్మటల భయం ఉంటుంది, ఉతికి పూర్తిగా ఆరనిచ్చాకే దాచాలి. వేడి నీళ్లలో వేసి గట్టిగా తిప్పితే పీచు ముద్దకడుతుంది, కాబట్టి చన్నీళ్లే వాడాలి. ఫ్రేములో బిగించాక పత్తికన్నా ఎక్కువ పొంగుతుంది గనుక మొదట్లో చేతికి కొత్తగా అనిపించవచ్చు.


పత్తిగింజ:

వానతుంపర గారూ, ఉన్ని సులువని నేనూ ఒప్పుకుంటాను. కానీ బొంత చివరికి ఎలా కనిపించాలి అన్నదాన్ని పక్కన పెట్టి సులువు ఒక్కటే చూడటం నాకు నచ్చదు. పత్తి ఉతికాక 3 నుంచి 5 శాతం వరకూ కుదించుకుంటుంది. ఆ కుదింపు వల్ల ప్రతి కుట్టు చుట్టూ సన్నని ముడతలు పడతాయి. పాత బొంతల్లో కనిపించే ఆ అందం, చదునుగా ఒంటికి అతుక్కుని ఉండే ఆ తీరు ఉన్నితో రావు. కాలం గడిచేకొద్దీ పత్తి మెత్తబడుతుంది కూడా.

పాత బొంతల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. వాటిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల నల్లటి గింజల తునకలు కనిపిస్తాయి. గింజలుంటే అది 1793లో పత్తి గింజలు తీసే యంత్రం రాకముందు చేసిన బొంతేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. యంత్రం వచ్చాక కూడా తక్కువ రకం పత్తిలో గింజ తునకలు మిగిలిపోతూనే ఉండేవి. ఇప్పటికీ చలువ చేయని పత్తి బ్యాటింగ్‌లో చిన్న మచ్చలు కనిపిస్తాయి. తెల్ల గుడ్డ కింద అవి తెలుస్తాయి కాబట్టి తెలుపు ఎక్కువున్న బొంతకు చలువ చేసిన రకం తీసుకోవడం మేలు. నీలిఅంచు గారు ఇది గమనించాలి.

ఆ రోజుల్లో పత్తి పొరకు పట్టు తక్కువ. కుట్టు దగ్గరగా పడకపోతే ఉతికినప్పుడు లోపలంతా ఉండలు కట్టేది. పాత బొంతల్లో గీతలు అంత దగ్గరగా ఉండటానికి అందంతో పాటు ఇది కూడా కారణం.


సూదిబెజ్జం:

బ్యాటింగ్ సంగతి పెద్దలు చూసుకుంటున్నారు కాబట్టి నేను సూదుల గురించి రాస్తాను. నాకు ఇష్టమైన విషయం, కాస్త నిడివి ఎక్కువైనా ఓపికగా చదవండి.

బొంత కుట్టడానికి వాడే సూదిని బిట్వీన్స్ అంటారు. కొన్ని ప్యాకెట్ల మీద క్విల్టింగ్ సూది అని కూడా ఉంటుంది. ఇవి పొట్టివి, బెజ్జం చిన్నగా గుండ్రంగా ఉంటుంది. ఇంట్లో బట్టలకు వాడేవి షార్ప్స్, అదే లావులో పొడవు ఎక్కువ. నంబరు పెరిగేకొద్దీ సూది పొట్టిగా, సన్నగా అవుతుంది. అంటే 12 అన్నిటికన్నా చిన్నది, 5 లేదా 7 పెద్దవి. 10 నంబరు సుమారు అంగుళం పొడవు ఉంటుంది.

పొట్టి సూది ఎందుకో తెలియాలంటే కుట్టు పడే తీరు తెలియాలి. మనం సూదిని అడ్డంగా పొడవము. నిటారుగా నిలబెట్టి మొనను కిందికి దించుతాం. అస్తరు వైపు ఉన్న వేలికి మొన తగలగానే ఆ వేలితో కొద్దిగా పైకి ఎత్తుతాం, అదే సమయంలో పైనున్న వేలి తొడుగుతో సూది తోకను కిందికి వాలుస్తాం. మొన పైకి తేలగానే మళ్లీ నిటారుగా లేపుతాం. ఇలా ఊపుతూ ఒకదాని వెంట ఒకటి కుట్లను సూది మీదకు ఎక్కిస్తాం. ప్రతి కుట్టుకూ సూది పడుకున్న స్థితి నుంచి నిలువుకు రావాలి. పొడవాటి సూదైతే దాని తోక పెద్ద వలయంలో తిరగాలి, మణికట్టు అంతా కదలాలి, పైగా మధ్యలో వంగుతుంది. పొట్టిదైతే వేలి కొస కదిలితే చాలు.

సన్నదనం వల్ల ఇంకో లాభం ఉంది. సూది ఎంత సన్ననిదైతే గుడ్డలో అంత చిన్న రంధ్రం చాలు, రాపిడి అంత తక్కువ. కానీ మరీ సన్ననివి గట్టి పొరల్లో వంగిపోతాయి, విరుగుతాయి కూడా. అందుకే కొత్తవారు ఒకేసారి 12కు వెళ్లనక్కర్లేదు. 8, 9, 10 నంబర్లు కలిపిన ప్యాకెట్ ఒకటి తీసుకుని 9తో మొదలుపెట్టండి. వేలు అలవాటు పడ్డాక 10. చాలామంది జీవితమంతా 10తోనే హాయిగా కుట్టుకుంటారు. 12 వాడితేనే నేర్పరి అన్న మాట పట్టించుకోవద్దు.

ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణం ఒకప్పుడు సూదుల తయారీకి ప్రపంచ కేంద్రం. జాన్ జేమ్స్ సూదులకు ఆ ఊరితోనే అనుబంధం. పాత సూదుల కార్ఖానా ఒకటి ఇప్పుడు అక్కడ మ్యూజియంగా ఉంది. ఫ్రాన్స్‌లో బోహిన్, జపాన్‌లో క్లోవర్, టులిప్ మంచి పేరున్నవి. ఒకే నంబరైనా ఒక్కో తయారీలో పొడవు, గట్టిదనం కొద్దిగా మారతాయి. అందుకే ఒకరికి నచ్చిన సూది మరొకరికి నచ్చకపోవచ్చు. రెండు మూడు రకాలు తెచ్చుకుని మీ వేలికి ఏది కుదురుతుందో చూడండి.


కొత్తచేయి:

బిట్వీన్స్ సూది బెజ్జంలోకి దారం ఎక్కించడమే నాకు పెద్ద పరీక్ష. బొంతల దారం లావుగా ఉంటుంది కదా. దీనికేమైనా ఉపాయం ఉందా?


సూదిబెజ్జం:

ఉంది. సూది బెజ్జాన్ని యంత్రం ఒక వైపు నుంచి అచ్చు గుద్ది చేస్తుంది, అందువల్ల ఒక వైపు కాస్త విశాలంగా ఉంటుంది. దారం ఎక్కకపోతే సూదిని వేళ్ల మధ్య అటు తిప్పి మళ్లీ ప్రయత్నించండి. దారాన్ని ఏటవాలుగా కత్తిరించండి. దారం చివరకు బదులు సూది బెజ్జాన్ని తడి చేయండి. వెనక తెల్ల కాగితం పెట్టుకుంటే బెజ్జం స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద బెజ్జం ఉన్న బిట్వీన్స్ కూడా విడిగా అమ్ముతారు.

అన్నిటికన్నా పనికొచ్చేది ఇది. వెలుతురు బాగున్నప్పుడు కూర్చుని ప్యాకెట్‌లోని సూదులన్నీ ఒకేసారి దారపు ఉండ కొస నుంచి ఒకే దారానికి ఎక్కించుకోండి. కుట్టేటప్పుడు చివరి సూదిని, దాని వెంట మూర పొడవు దారాన్ని లాక్కుని, మిగతా సూదులను వెనక్కి జరిపి కత్తిరించండి. ఆ రోజంతా మళ్లీ బెజ్జం వెతుక్కునే పని ఉండదు. దారం 18 అంగుళాలు మించనివ్వవద్దు, పొడవు పెరిగితే చిక్కుపడుతుంది, గుడ్డలో పదేపదే రాసుకుని నూగు లేస్తుంది.


తీరిక:

కీళ్లనొప్పులున్నవారి తరఫున నేను రాస్తున్నాను. నాకు 10 నంబరు సూది వేళ్ల మధ్య నిలవదు. అంత చిన్న వస్తువును గట్టిగా పట్టుకోవడమే నొప్పికి మూలం. అందుకే 7 లేదా 8 నంబరు వాడతాను. పెద్ద సూదితో కుట్లు కొంచెం పెద్దవి అవుతాయి, అవ్వనివ్వండి.

సూది తోయడం కన్నా లాగడం వద్ద చెయ్యి ఎక్కువ అలసిపోతుంది. చూపుడు వేలికి పలుచని రబ్బరు తొడుగు వేసుకోండి, లేదా బెలూన్ ముక్క ఒకటి దగ్గర పెట్టుకుని దానితో సూదిని పట్టి లాగండి. పట్టు బాగా దొరుకుతుంది, బిగించాల్సిన అవసరం ఉండదు.

ఇది కూడా కష్టమైతే పెద్ద కుట్టు అనే పద్ధతి ఉంది. 8 నంబరు పెర్ల్ కాటన్ అనే లావు ఎంబ్రాయిడరీ దారం, దానికి సరిపడే బెజ్జమున్న ఎంబ్రాయిడరీ సూది తీసుకుని అంగుళానికి నాలుగైదు కుట్లు వేయడమే. దారం రంగు కనబడుతుంది కాబట్టి అది కూడా ఒక అలంకారమే. ఇది తక్కువ స్థాయి పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చెయ్యి నొచ్చి బొంత అటకెక్కడం కన్నా పెద్ద కుట్లతో పూర్తయి ఒంటి మీదకు రావడం ఎంతో మేలు.


వానతుంపర:

తీరిక గారి మాటకు నా పూర్తి మద్దతు. పెద్ద కుట్టు వేసేటప్పుడు కూడా పై గుడ్డ, అస్తరు రెండూ వదులు నేతవై ఉండాలి, లావు దారం దట్టమైన గుడ్డలోంచి రావడం మరీ కష్టం.


నీలిఅంచు:

ఇన్ని సంగతులు ఓపికగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. పడుగుపేక గారు చెప్పిన పరీక్ష చేశాను. చప్పుడు దుప్పటి గుడ్డ దగ్గరే వచ్చింది. బ్యాటింగ్‌ను చింపి చూస్తే లోపల సన్నని వల కూడా కనిపించింది.

ఇప్పుడు ఉన్ని వైపు మనసు మొగ్గుతోంది. కానీ నా బొంతలో సగానికి పైగా ముదురు నీలం. లోపలి తెల్లటి పీచు గుడ్డలోంచి బయటికి వస్తుందని ఎక్కడో చదివాను. నీలం మీద అది కనిపిస్తే ఇంత కష్టమూ వృథా అవుతుంది. ఇంకో ప్రశ్న, పాలియెస్టర్ గురించి ఎవరూ మాట్లాడలేదేమి?


పడుగుపేక:

మీ భయం సహేతుకమైనదే. పీచు పైకి రావడానికి మూడు కారణాలుంటాయి. పీచుకు పట్టు లేకపోవడం, గుడ్డ నేత మరీ వదులుగా ఉండటం, సూది మొద్దుబారి పీచును తనతో లాక్కురావడం. పత్తి పీచు బయటికి వచ్చినా తెగి రాలిపోతుంది. పాలియెస్టర్ పీచు బలమైనది కాబట్టి తెగదు, గుడ్డ మీదే ఉండలుగా నిలిచిపోతుంది. ఉన్ని ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పై ముఖాలకు పలుచని జిగురు పూత లేదా వేడితో బిగించిన ఉన్ని అయితే పీచు కదలిక చాలా తగ్గుతుంది. ముదురు రంగు బొంతల కోసం నల్ల బ్యాటింగ్ కూడా తయారు చేస్తారు గానీ మీ దానిలో తెలుపు ఉంది, దాని కింద నలుపు మసకగా కనిపిస్తుంది, కాబట్టి అది మీకు పనికిరాదు.

ఇక్కడ నేత విషయంలో జాగ్రత్త కావాలి. సూది తేలిగ్గా దిగాలని మరీ పలుచని జాలీ గుడ్డను అస్తరుగా వేయవద్దు. పీచు ఆ సందుల్లోంచే వస్తుంది. బొంతల నూలు గుడ్డ నేత ఈ రెండు అవసరాలకూ మధ్యస్థంగా సరిపోతుంది. కుట్టే ముందు ఒకసారి ఉతికితే మిల్లు గంజి పోయి గుడ్డ మెత్తబడుతుంది, సూదికి అదీ మేలే.


చిన్నకుట్టు:

పాలియెస్టర్ గురించి నేను చెప్తాను. పలుచగా, పై ముఖాలు జిగురుతోనో వేడితోనో బిగించిన పాలియెస్టర్ బ్యాటింగ్ చేతి సూదికి చాలా సులువు. కుట్టు నేర్చుకునేవారికి నేను మొదట ఇచ్చేది అదే, ఎందుకంటే కుట్టు చిన్నదిగా రావడం మొదటి రోజే కళ్లకు కనబడుతుంది, ఉత్సాహం వస్తుంది. ఉతికితే కుదించుకోదు, త్వరగా ఆరుతుంది, బరువు లేదు. కానీ గాలి ఆడదు, నిప్పు తగిలితే కరుగుతుంది, ముదురు రంగుల కింద పీచు సమస్య ఇందులోనే ఎక్కువ. నీలిఅంచు గారి బొంతకు నేను దీన్ని సూచించను.

80/20 అనే మిశ్రమం కూడా ఉంది, 80 శాతం పత్తి, 20 శాతం పాలియెస్టర్. హాబ్స్ వారిది చాలామంది చేత్తో కుడతారు. పత్తి ముడతలు కొంతవరకు వస్తాయి, సూది నూరు శాతం పత్తికన్నా తేలిగ్గా దిగుతుంది. పత్తిగింజ గారి రూపం, వానతుంపర గారి సులువు రెండూ కావాలనుకునేవారికి ఇది మధ్యేమార్గం. పట్టు బ్యాటింగ్ గురించి ఎక్కువ చెప్పను, పలుచగా అందంగా ఉంటుంది గానీ ఇంత పెద్ద బొంతకు ఖర్చు భరించడం కష్టం.


కొత్తచేయి:

మూడు పొరలూ అంటించడానికి స్ప్రే జిగురు వాడితే కచ్చా కుట్టు పని తప్పుతుంది కదా? చేతికుట్టుకు అది సరిపోతుందా?


చిన్నకుట్టు:

వద్దండీ. జిగురు ఉన్నచోట సూది బంకగా మారుతుంది, ప్రతి కుట్టుకూ పట్టేస్తుంది. ఇస్త్రీ వేడితో అంటుకునే బ్యాటింగ్ కూడా అంతే. పిన్నులు పెడితే ఫ్రేము బిగించేటప్పుడు అడ్డొస్తాయి. చేత్తో కుట్టే బొంతకు దారంతో కచ్చా కుట్టే సరైనది. నాలుగు అంగుళాలకు ఒక వరుస చొప్పున నిలువుగా, అడ్డంగా వేయండి. ఆ పనికి మాత్రం పొడవాటి సూదే హాయి. తెల్ల దారమే వాడండి, ముదురు దారం రంగు దిగే అవకాశం ఉంటుంది.


సూదిబెజ్జం:

జిగురు మాట వచ్చింది కాబట్టి సూది శుభ్రత గురించి రెండు మాటలు. చేతి చెమటకు సూది పూత పోయి గరుకుగా మారుతుంది. నల్లబడ్డ సూదిని పట్టుదలగా వాడేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే వారు పడే శ్రమలో సగం ఆ గరుకుదనంతోనే. టమాటా ఆకారంలో ఉండే పిన్నుల దిండుకు చిన్న స్ట్రాబెర్రీ ఒకటి వేలాడుతుంటుంది కదా, దాని లోపల ఉండేది సాన పొడి. సూదిని అందులో కొన్నిసార్లు గుచ్చి తీస్తే నునుపు తిరిగి వస్తుంది. అయినా పట్టేస్తుంటే ఆ సూదిని పారేసి కొత్తది తీసుకోవడమే.


పత్తిగింజ:

ఫ్రేము సంగతి ఎవరూ చెప్పలేదు. ఎంబ్రాయిడరీకి బిగించినట్టు బిర్రుగా బిగిస్తే ఏ బ్యాటింగైనా, ఏ సూదైనా కష్టమే. సూది ఊగాలంటే పొరలు వంగాలి. 14 అంగుళాల గుండ్రటి ఫ్రేములో పెట్టి, కింది నుంచి పిడికిలితో ఎత్తితే పొరలు సులువుగా పైకి లేవాలి, పై నుంచి వేలితో నొక్కితే దిగాలి. చాలామందికి నాలుగు కుట్లు ఎక్కించడం రాకపోవడానికి కారణం ఈ బిగువే.

ప్యాకెట్ మీద అనుమతి ఉంటే పత్తి బ్యాటింగ్‌ను ముందుగా నీళ్లలో నానబెట్టి, పిండకుండా, తిప్పకుండా ఆరబెట్టి వాడండి. మెత్తబడుతుంది. కుదింపు కొంత ముందే అయిపోతుంది కాబట్టి ముడతలు మాత్రం తగ్గుతాయి.


పడుగుపేక:

నీలిఅంచు గారూ, నిర్ణయానికి వచ్చే ముందు ఒక నమూనా చేయండి. బొంత గుడ్డలతోనే ఒక చదరపు ముక్క తీసుకుని, లోపల నాలుగు భాగాల్లో నాలుగు రకాల బ్యాటింగ్ ముక్కలు పెట్టి, ఏ మూల ఏదో దారంతో గుర్తు కుట్టుకోండి. నాలుగింటి మీదా ఒకే సూదితో ఒకే డిజైను కుట్టండి. తర్వాత తప్పకుండా ఉతకండి. బ్యాటింగ్ అసలు రూపం ఉతికాకే తెలుస్తుంది. నీడిల్ పంచ్ రకం ఏదైనా ఉంటే రెండు వైపుల నుంచీ సూది గుచ్చి చూడండి, ఒక వైపు నుంచి తేలిగ్గా దిగవచ్చు. ఆ వైపును పైకి పెట్టుకోవాలి.


నీలిఅంచు:

నమూనా చేశాను, ఉతికాను కూడా. పాత దుప్పటి అస్తరును తీసేసి బొంతల నూలు గుడ్డ వేశాను.

స్క్రిమ్ లేని పలుచని పత్తి, 80/20 మిశ్రమం, బిగించిన ఉన్ని, బిగించిన పాలియెస్టర్ పెట్టాను. సూది నడకలో ఉన్నిదే పైచేయి, దాని తర్వాత పాలియెస్టర్, ఆ తర్వాత మిశ్రమం. పత్తి నాలుగోది, కానీ నా మొదటి నమూనాతో పోలిస్తే అది కూడా ఎంతో తేలిక. అస్తరు మార్చడం వల్లే సగం కష్టం తీరిందని నాకు అనిపిస్తోంది. నీలం మీద పీచు పాలియెస్టర్ భాగంలో కొద్దిగా కనబడింది, ఉన్ని భాగంలో ఇప్పటివరకు లేదు.

సూదుల్లో 9 నంబరుతో మొదలుపెట్టి 10కి మారాను. ఫ్రేము వదులు చేశాక నాలుగు కుట్లు ఒకేసారి సూది మీద నిలుస్తున్నాయి. అంగుళానికి ఏడు కుట్లు వస్తున్నాయి. ఉన్నే తీసుకుంటున్నాను. పత్తిగింజ గారూ, ఉతికిన నమూనాలో పత్తి మూల ముడతలు నిజంగా అందంగా ఉన్నాయి, మంచం బొంత కాకుండా గోడకు వేలాడదీసే చిన్నదానికి అదే వాడతాను.


పత్తిగింజ:

ఏడు కుట్లంటే చాలా బాగుంది. నేర్పరులు పది, పన్నెండు వేస్తారని విని కంగారు పడకండి. అన్నీ ఒకే పొడవులో ఉండటం సంఖ్యకన్నా ముఖ్యం. అస్తరు వైపు కూడా తిప్పి చూసుకుంటూ ఉండండి, అక్కడ కుట్లు పైవాటికన్నా బాగా చిన్నవిగా ఉంటే సూది నిటారుగా దిగడం లేదని అర్థం.


నీలిఅంచు:

ఒకే ఒక చిక్కు మిగిలింది. నాలుగైదు ముక్కల మూలలు కలిసేచోట అతుకు మడతలన్నీ ఒకచోట పోగయ్యాయి. అక్కడ 10 నంబరు సూది వంగిపోతోంది. ఆ భాగానికి మాత్రం పెద్ద సూది వాడాలా?


పడుగుపేక:

సూది మార్చనక్కర్లేదు, కుట్టే తీరు మార్చండి. అక్కడ ఊపు కుట్టు ఆపేసి, సూదిని నిటారుగా కిందికి దించి అస్తరు వైపు నుంచి పూర్తిగా లాగండి, మళ్లీ కింది నుంచి పైకి పంపండి. ఒక్కో కుట్టు విడిగా, నెమ్మదిగా వెయ్యాలి. మడతలు దాటగానే మామూలు కుట్టుకు వచ్చేయండి. ఇంకా గీతలు గీయని భాగం ఉంటే, అతుకు నుంచి పావు అంగుళం కన్నా కొద్దిగా ఎక్కువ ఎడంగా గీసుకోండి. అతుకు మడత వెడల్పు పావు అంగుళమే కాబట్టి సూదికి చాలావరకు మూడు పొరలే తగులుతాయి, మూలల దగ్గర తప్ప ఆ మందం మీకు ఎదురుకాదు.